డాక్టరు పట్టా పక్కన పెట్టి... రాలిన ఆకుల వెంట

సంక్రాంతి దాటిన కొన్ని వారాలకు వింజమూరులో ఏ బడి ఆవరణలోనో, ఏ ఆఫీసు ముందో బాదం చెట్టు కనిపిస్తే దాని కింద ఒక్కసారి ఆగి చూడండి. ఆకులు ముందు పసుపు తిరుగుతాయి, తర్వాత నారింజ రంగు, ఆఖరికి కుంకుమలా ఎర్రబడి రాలిపోతాయి. మన లెక్కలో అది చెత్త. పొద్దున్నే ఊడ్చి, ఓ మూల పోగేసి, అగ్గిపుల్ల గీసే సరుకు. ఆ రాలిన ఆకులనే ఫొటోలు తీసుకుంటూ బతుకుతానని మీ ఇంట్లో చెప్పి చూడండి. అదీ ఎంబీబీఎస్ పూర్తి చేసిన తర్వాత చెప్పి చూడండి!

ఇలియట్ పోర్టర్ దాదాపు అదే చేశారు. హార్వర్డ్‌లో ఇంజినీరింగ్ చదివి, అక్కడే వైద్యం చదివి, అక్కడే పరిశోధకుడిగా పదేళ్లు పనిచేసి, 37 ఏళ్ల వయసులో అన్నీ వదిలేసి కెమెరా పట్టుకున్నారు. ఫొటోగ్రఫీ అంటే నలుపు తెలుపే అని పెద్దలంతా అనుకునే రోజుల్లో రంగుల స్లైడ్ ఫిల్ము మీద ఆకులను, పిట్టలను, సెలయేళ్లను తీశారు. ఈరోజు మీ ఫోన్లో వాల్‌పేపర్‌గా ఉండే రంగురంగుల అడవి ఫొటోకు మూలపురుషులు ఎవరని వెతికితే ముందు తగిలే పేర్లలో ఆయనదొకటి.

దీవిలో బాల్యం

పోర్టర్ 1901 డిసెంబరు 6న అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం, షికాగో పక్కనున్న విన్నెట్కా ఊళ్లో పుట్టారు. తండ్రికి ప్రకృతి శాస్త్రమన్నా, కట్టడాలన్నా మోజు. 1912లో ఆయన మెయిన్ రాష్ట్ర తీరంలో గ్రేట్ స్ప్రూస్ హెడ్ అనే దీవిని కొన్నారు. మనవాళ్లు సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లినట్టు ఆ పిల్లలంతా ఏటా వేసవికి ఆ దీవికి పోయేవారు. ఇలియట్‌కి చిన్నప్పుడే ఒక కోడాక్ బ్రౌనీ కెమెరా దొరికింది. డబ్బా లాంటి కెమెరా అది, సర్దుబాట్లేవీ ఉండవు. దాంతోనే దీవిలోని సముద్రపు పక్షుల గూళ్లను తీసేవాడు. తమ్ముడు ఫెయిర్‌ఫీల్డ్ తర్వాతి కాలంలో పేరున్న చిత్రకారుడయ్యాడు.

ఇక్కడే ఒక మాట చెప్పేయాలి. వీళ్లది బాగా ఉన్న కుటుంబం. షికాగో నడిబొడ్డున స్థలాల మీద రాబడి వచ్చే ఇల్లు. ఇలాంటి జీవిత కథలు చెప్పేటప్పుడు ఆ సంగతి మింగేసి, ధైర్యం ఒక్కటే చాలన్నట్టు రాయడం మనకు అలవాటైపోయింది. అది మీకు అన్యాయం. పోర్టర్ ఉద్యోగం మానేసిన నాడు ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అనే భయం ఆయనకు లేదు. మీకు ఉండొచ్చు. ఆ తేడా మనసులో పెట్టుకునే మిగతా కథ చదవండి. ఎందుకంటే డబ్బుతో కొనలేనివి కూడా ఆయన కథలో చాలానే ఉన్నాయి.

హార్వర్డ్‌లో 1924లో కెమికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 1929లో వైద్యంలో డిగ్రీ. రోగులను చూసే డాక్టరుగా ఆయన ఎన్నడూ కూర్చోలేదు. జీవరసాయన శాస్త్రం, బ్యాక్టీరియా మీద పరిశోధన, పాఠాలు చెప్పడం... 1939 దాకా ఇదే పని. పిల్లప్పుడు పక్కన పడేసిన కెమెరా 1930 ప్రాంతంలో మళ్లీ చేతికొచ్చింది. ఈసారి లైకా. ల్యాబులో పని, ఖాళీ దొరికితే ఫొటోలు.

ముగ్గురిలో ఇద్దరు

పోర్టర్ జీవితాన్ని మలుపు తిప్పినవాళ్లు ముగ్గురు. మొదటివారు ఆన్సెల్ ఆడమ్స్. అమెరికా కొండలను నలుపు తెలుపుల్లో తీసి ప్రపంచానికి చూపించిన మహానుభావుడు. 1930ల మొదట్లో ఒక విందులో ఇద్దరూ కలిశారు. పోర్టర్ తన ఫొటోలు చూపించారు, ఆడమ్స్ తనవి చూపించారు. పక్కపక్కన పెట్టి చూస్తే తను ఎక్కడున్నాడో పోర్టర్‌కి తెలిసిపోయింది. చిన్న ఫిల్ము కెమెరాను పక్కనపెట్టి, స్టాండు మీద పెట్టి తీసే పెద్ద ఫిల్ము కెమెరాకు మారమని ఆడమ్స్ సలహా. పోర్టర్ మారారు.

రెండోవారు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. న్యూయార్క్‌లో ఆన్ అమెరికన్ ప్లేస్ అనే చిన్న గ్యాలరీ నడిపేవారు. ఫొటోగ్రఫీ కూడా చిత్రకళతో సమానమైన కళేనని ముప్పై ఏళ్లుగా పోరాడుతున్న పెద్దాయన. తమ్ముడు ఫెయిర్‌ఫీల్డ్ పరిచయం చేశాడు. అప్పట్నుంచి పోర్టర్ కొన్ని ఫొటోలు పట్టుకుని వెళ్లడం, ఆయన చూసి ఇంకా కష్టపడాలని పంపేయడం. ఇలా కొన్నేళ్లు గడిచాయి. మనలో చాలామంది రెండోసారికే మానేస్తాం. లేదంటే ఆయనకు ఫొటోగ్రఫీ ఏం తెలుసని స్టేటస్ పెడతాం. పోర్టర్ మళ్లీ వెళ్లేవారు, ఏడాదికోసారైనా.

1938లో స్టీగ్లిట్జ్ ఈసారి తిప్పి పంపలేదు. ప్రదర్శన పెడదామన్నారు. ఆ గ్యాలరీ గోడల మీద వేరే ఫొటోగ్రాఫర్ల బొమ్మలు పెట్టడం చాలా అరుదు. 1938 డిసెంబరు ఆఖర్లో మొదలైన ఆ ప్రదర్శన 1939 జనవరి దాకా నడిచింది. అది ముగిశాక పోర్టర్ హార్వర్డ్ కొలువు వదిలేశారు. గమనించండి, ముందు వదిలేసి తర్వాత నేర్చుకోలేదు. ఎనిమిదేళ్లకు పైగా రెండు పడవల మీదా కాళ్లు పెట్టి, రెండో పడవ మోస్తుందని తేలాకే మొదటిదాన్ని వదిలారు.

మూడో మనిషి సంగతి తర్వాత.

పిట్ట రంగు ఏమిటి?

రంగుల్లోకి ఆయన కళ కోసం రాలేదు. అవసరం లాక్కొచ్చింది. పక్షుల ఫొటోలతో ఒక పుస్తకం వేద్దామని ఒక ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్లారు. నలుపు తెలుపు ఫొటోలో ఏ పిట్ట ఏదో ఎలా గుర్తుపడతారని వాళ్లు తిప్పి పంపారు. నిజమే కదా! పాలపిట్టను నలుపు తెలుపులో చూపించి ఇది పాలపిట్ట అంటే మీరు నమ్ముతారా?

అప్పటికి రంగుల ఫిల్ము కొత్త సరుకు. కోడాక్ సంస్థ 1935లో కోడాక్రోమ్ తెచ్చింది. దాన్ని కనిపెట్టిన లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడౌస్కీ ఇద్దరూ సంగీత విద్వాంసులు. ఒకరు పియానో, ఇంకొకరు వయొలిన్. (సబ్జెక్టు మారితే భవిష్యత్తు పోతుందని దిగులు పడేవాళ్లు ఈ ఇద్దరి గురించి కూడా విడిగా చదవాలి.) 1938కల్లా పెద్ద కెమెరాల్లో వాడే షీటు ఫిల్ముగా కూడా కోడాక్రోమ్ దొరకసాగింది. పోర్టర్ దాన్ని పట్టుకున్నారు.

మీలో చాలామంది ఫిల్మే చూసి ఉండరు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం. మీ నాన్నగారి పెళ్లి ఫొటోల నెగెటివ్‌లు బీరువాలో ఎక్కడో ఉంటాయి, వెలుతురుకు ఎత్తి చూడండి. తెల్ల చొక్కా నల్లగా, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తుంది. దాన్నుంచి కాగితం మీదికి ప్రింటు తీస్తే అసలు రూపం వస్తుంది. స్లైడ్ ఫిల్ము అలా కాదు. రీలు కడిగేసరికి నేరుగా అసలు రంగులతోనే బొమ్మ వస్తుంది. దాని వెనక దీపం పెడితే తెర మీద పడుతుంది. సినిమా హాల్లో ఇంటర్వెల్లో బట్టల షాపు, నగల షాపు ప్రకటనలు పడేవి చూశారా, వాటిని స్లైడ్ అనేవాళ్లు. మీ తాతగారినడగండి, చెబుతారు.

వెలుగు ఆ బొమ్మలోంచి దూసుకుని వస్తుంది కాబట్టి స్లైడ్‌లో రంగుకు ఉండే కాంతి కాగితం మీద రాదు. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఎలా మెరుస్తుందో అలాగన్నమాట. ఆకులకు స్లైడ్ ఫిల్ము అంత బాగా అతకడానికి ఇదే కారణమని నా నమ్మకం.

కానీ దాంతో పెద్ద చిక్కు. నెగెటివ్ ఫిల్ములో వెలుతురు కాస్త ఎక్కువైనా తక్కువైనా ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్‌లో ఆ సర్దుబాటు లేదు. వెలుగు అంచనా అర స్టాపు తప్పితే చాలు, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కువైతే పసుపు ఆకు తెల్లటి మచ్చైపోతుంది, అక్కడ ఇక రంగంటూ మిగలదు. తక్కువైతే నీడలన్నీ బొగ్గు. అందుకే స్లైడ్ తీసేవాళ్లు ముందుగా బాగా వెలుగున్న చోటునే కొలుస్తారు. నీడ పోతే పోనీ, వెలుగు పోకూడదు. ఇంకా ఒక కష్టం, ఆనాటి కోడాక్రోమ్ చాలా నిదానం. మీ ఫోన్ కెమెరా ఐఎస్ఓ 50 నుంచి కొన్ని వేల దాకా పోతుంది. అప్పటి ఆ షీటు ఫిల్ముది 10 దరిదాపుల్లో! ఎగిరే పిట్టను అలాంటి ఫిల్ము మీద తీయాలంటే ఫ్లాష్ బల్బులు మోసుకుంటూ, గూడు ఎత్తుకు మంచెలు కట్టుకోవాలి. పోర్టర్ ఆ రెండూ చేశారు. 1941లో, మళ్లీ 1946లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. 1943లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన రంగుల పక్షులను ప్రదర్శించింది.

స్లైడ్ వచ్చాక పని అయిపోయిందనుకోకండి. గోడకు తగిలించే ప్రింటు కావాలంటే ఇంకో యజ్ఞం. డై ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతి. ఒక్క స్లైడ్ నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల ద్వారా మూడు నలుపు తెలుపు నెగెటివ్‌లు తీయాలి. వాటినుంచి మూడు జెలటిన్ అచ్చులు చేయాలి. ఒక్కో అచ్చును ఒక్కో రంగులో నానబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఒకే కాగితం మీద అద్దాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. మన కలంకారీ అద్దకంలో ఒక అచ్చు మీద ఇంకో అచ్చు సరిగ్గా కూర్చోవాలంటారు చూడండి, అలాంటి పనే. రసాయనాల పాళ్లు, ఉష్ణోగ్రత, సమయం... అన్నీ లెక్కే. చాలామంది ఫొటోగ్రాఫర్లు ఈ పని ల్యాబులకు ఇచ్చేసేవాళ్లు. పోర్టర్ తన చీకటి గదిలో తనే చేసుకునేవారు. కెమికల్ ఇంజినీరింగ్ చదువు వృథా పోలేదన్నమాట.

ఆకు ఎందుకు ఎర్రబడుతుంది?

1946లో పోర్టర్ కుటుంబంతో న్యూ మెక్సికో రాష్ట్రంలో శాంటా ఫే పక్కన టెసుకే అనే చోట స్థిరపడ్డారు. ఎండ, మట్టి, పొట్టి చెట్ల ప్రాంతం. మన మెట్ట నేలకు చుట్టమే. ఇక్కడే మూడో మనిషి వస్తారు, ఆయన భార్య ఎలీన్. ఆమె చిత్రకారిణి. ఆయన ఫొటోలు చూస్తుంటే హెన్రీ డేవిడ్ థోరో రచనలు గుర్తొస్తున్నాయని, రెండూ కలిపి పుస్తకం చేయొచ్చు కదా అని ఆమె సూచించారు. థోరో 19వ శతాబ్దపు రచయిత, మసాచుసెట్స్‌లో వాల్డెన్ చెరువు గట్టున గుడిసెలో ఉండి ప్రకృతి గురించి రాశాడు. గాంధీజీ మీద ఆయన ప్రభావం గురించి మీరు పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివే ఉంటారు.

ఆ ఒక్క మాట పట్టుకుని పోర్టర్ పదేళ్లు పనిచేశారు. థోరో తిరిగిన తూర్పు తీరపు అడవుల కోసం మూడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, రుతువుకు సరిపడా వెళ్లేవారు. అందులో ఆకులు రాలే అక్టోబరుది పెద్ద పీట.

ఇక్కడ మన తెలుగు వాళ్లకు ఒక తికమక ఉంది. ఇంగ్లిష్ ఆటమ్‌ను మనం శరదృతువు అంటాం. నెలలు సరిపోతాయి కానీ పని సరిపోదు. శరత్తులో మన చెట్లు వానలు తాగి పచ్చగా ఉంటాయి. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఉదయగిరి దుర్గం మీది నుంచి వెలిగొండల వరుసను ఫిబ్రవరి ఆఖర్లో చూస్తే కొండంతా బూడిద రంగులో మోడులే. అక్కడి చెట్లు చలికి రాల్చుకుంటాయి, మన చెట్లు నీటి కొరతకు రాల్చుకుంటాయి.

రంగు సంగతికొస్తే, ఆకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోయినప్పుడు అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు రంగులు బయటపడతాయి. అవి కొత్తగా వచ్చినవి కావు, మొదట్నుంచీ అక్కడే ఉన్నవి. ఎరుపు మాత్రం కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే ఆకులో మిగిలిన చక్కెరల నుంచి ఆంథోసయనిన్లు అనే ఎర్ర రంగులు పుడతాయి. ఈశాన్య అమెరికాలో మేపుల్ చెట్లు అందుకే అక్టోబరులో మంటలా ఉంటాయి. మన దగ్గర ఈ ఎరుపు ఎక్కువగా కనిపించేది చావబోయే ఆకులో కాదు, పుట్టిన ఆకులో. రావి చిగురు, మామిడి చిగురు రాగి రంగులో మెరుస్తాయే, అదీ అదే రకం రంగు. బాదం చెట్టు ఒక్కటే మన ఊళ్లల్లో అటువైపు చుట్టరికం నిలబెట్టింది.

ఆయన ఎలా తీసేవారు?

పోర్టర్ ఆకుల ఫొటోల్లో ఆకాశం అరుదు. పెద్ద కొండ, సూర్యాస్తమయం లాంటివి కూడా తక్కువే. రాతి మీద పడిన నాలుగు ఆకులు, నాచు, చెట్టు మొదలు, మడుగులో తేలే రెండు రెమ్మలు. నడుస్తూ తొక్కేసి పోయేవి. ఆయన కళ అంతా ఏది ఫ్రేములో పెట్టాలో కాదు, ఏది బయట వదిలేయాలో తెలియడంలో ఉంది.

మిట్ట మధ్యాహ్నపు ఎండను ఆయన పెద్దగా ఇష్టపడలేదు. స్లైడ్ ఫిల్ము వెలుగునీ నీడనీ రెండిట్నీ మోయలేదు కదా. మబ్బు పట్టిన రోజు, చెట్ల నీడ, వాన వెలిసిన గంట... ఇవి ఆయన సమయాలు. తడిసిన ఆకు మీద రంగు చిక్కబడుతుంది. మెత్తటి వెలుగులో ప్రతి ఆకు తన రంగుతో తాను నిలబడుతుంది. ఫొటోలు తీయాలంటే ఎండ బాగా ఉండాలని మన పెళ్లిళ్లలో అనే మాటకు ఇది పూర్తిగా తలకిందులు.

కానీ నీడలో తీస్తే ఇంకో తంటా. నీడలోకి వచ్చే వెలుగు నీలాకాశం నుంచి వస్తుంది కాబట్టి స్లైడ్ మీద నీలి ఛాయ పడుతుంది. మన కన్ను దాన్ని సర్దుకుంటుంది, ఫిల్ము సర్దుకోదు. ఫిల్టరు పెట్టి తగ్గించుకోవచ్చు. లేదా ఆ నీలాన్నే వాడుకోవచ్చు. 1953 అక్టోబరు 4న న్యూ హాంప్‌షైర్‌లో పాండ్ బ్రూక్ అనే సెలయేటి మడుగు దగ్గర తీసిన ఫొటోలో నీటి మీద నీలం, బంగారు రంగు కలగలిసి మెరుస్తుంటే, వాటి మధ్య రాలిన ఆకులు తేలుతుంటాయి. ఎండ పడిన చెట్ల నీడ బంగారమైతే, ఆకాశం నీడ నీలం. ఆయన ఫొటోల్లో బాగా పేరొచ్చిన వాటిలో ఇదొకటి. నెట్‌లో వెతికి చూడండి, నేను చెప్పేదానికన్నా మీ కళ్లే బాగా చెబుతాయి.

ఇక గాలి. ఫిల్ము వేగం తక్కువ, దగ్గరి ఆకు నుంచి దూరపు కొమ్మ దాకా అన్నీ స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చేయాలి, పైగా నీడ. దాంతో షట్టరు కొన్ని సెకన్లు తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఆ కొన్ని సెకన్లూ ఒక్క ఆకు కూడా కదలకూడదు. స్టాండు పాతి, నల్లగుడ్డ కింద తల పెట్టి, ఫ్రేము సరిచేసుకుని, గాలి ఆగేదాకా నిలబడటమే. పెద్ద కెమెరా, ఒక్కో షీటు ఖర్చు, మళ్లీ కడిగించే ఖర్చు. తీసేముందే ఆలోచించి తీరాలి. మనం ఒకే పువ్వుకు నలభై తీసి, ఇంటికొచ్చి ముప్పై తొమ్మిది చెరిపేస్తున్నాం.

ఎవరూ వేయనన్న పుస్తకం

పదేళ్ల పని పట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరిగారు. అందరికీ నచ్చింది, ఎవరూ వేయలేదు. రంగుల పుస్తకం అచ్చు ఖర్చు అంతుండేది మరి. చివరికి డేవిడ్ బ్రోవర్ చూశారు. 1892లో పుట్టిన సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థకు ఆయన సారథి. పట్టుబట్టి, డబ్బు కూడగట్టి 1962లో వేశారు. ఇన్ వైల్డ్‌నెస్ ఈజ్ ది ప్రిజర్వేషన్ ఆఫ్ ది వరల్డ్ అని దాని పేరు, థోరో వ్యాసంలోని మాట. ఒక పేజీలో థోరో, ఎదురు పేజీలో పోర్టర్. ధర 25 డాలర్లు. ఆ రోజుల్లో ఒక పుస్తకానికి అది చాలా పెద్ద మొత్తం. అయినా జనం ఎగబడి కొన్నారు. తర్వాత చవక ఎడిషన్ కూడా వచ్చి ఇంకా చాలా ఇళ్లకు చేరింది. కాఫీ బల్ల మీద పెట్టుకునే పెద్ద ప్రకృతి ఫొటోల పుస్తకం అనే జాతి అక్కడినుంచే ఊపందుకుంది.

అందరూ మెచ్చుకున్నారనుకోకండి. రంగు ఫొటో అంటే ప్రకటనలకు, క్యాలెండర్లకు పనికొచ్చేదేనని, కళ కాదని పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లే అనుకునేవారు. ఆన్సెల్ ఆడమ్స్‌కి కూడా రంగు మీద అంత గురి లేదు. స్నేహం చెడలేదు కానీ ఈ విషయంలో ఇద్దరి దారులూ వేరు. గురువు దారిలోనే నడవనక్కర్లేదు అనడానికి ఇంతకన్నా మర్యాదైన ఉదాహరణ నాకు తెలీదు.

మునిగిపోయిన లోయ

1960లో పోర్టర్ కొలరాడో నది మీద పడవలో గ్లెన్ క్యానియన్ అనే లోయలోకి వెళ్లారు. ఎర్రరాతి గోడలు, సందుల్లో చల్లటి నీటి ఊటలు, నీటి మీద పడే ఆకాశపు నీలం. తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లారు. అప్పటికే దిగువన ఆనకట్ట కడుతున్నారు. ఇంకోచోట రావాల్సిన ఆనకట్టను ఆపడానికి రాజీగా సియెర్రా క్లబ్బే గ్లెన్ క్యానియన్ విషయంలో గట్టిగా అడ్డుపడలేదు. ఆ లోయలో ఏముందో వాళ్లలో చాలామంది చూసి ఉండకపోవడమే కారణం. బ్రోవర్ జీవితాంతం దానికి బాధపడ్డారు.

1963లో ఆనకట్ట తూములు మూసి నీళ్లు నింపడం మొదలైంది. అదే ఏడాది పోర్టర్ ఫొటోలతో ది ప్లేస్ నో వన్ న్యూ పుస్తకం వచ్చింది. అంటే ఎవరికీ తెలియని చోటు అని. తెలిసేసరికి మునిగిపోతోంది. ఆ పుస్తకం గ్లెన్ క్యానియన్‌ను కాపాడలేదు. ఆ తర్వాత గ్రాండ్ క్యానియన్‌లో కట్టాలనుకున్న రెండు ఆనకట్టల మీద జనం తిరగబడినప్పుడు మాత్రం ఆ మునిగిన లోయే అందరి నోళ్లలో ఉదాహరణ. 1968లో ఆ రెండు ప్రతిపాదనలూ పక్కకు పోయాయి.

ఆత్మకూరు వైపు పిల్లలకు ఇది పరాయి కథ కాదు. పెన్నా మీద సోమశిల ప్రాజెక్టు మన పొలాలకు నీళ్లిచ్చింది, నెల్లూరు జిల్లా దాని మీద బతుకుతోంది. ఆనకట్ట తప్పని అనడం కాదు. కానీ ఆ జలాశయం అడుగున కడప జిల్లా వైపు ఊళ్లున్నాయి. ఆ వీధులు, ఆ గుడి ముందు చెట్టు, ఆ ఇళ్ల అరుగులు ఎలా ఉండేవో రంగుల్లో తీసిన ఫొటోలు ఎన్ని ఉన్నాయి? అక్కణ్నుంచి లేచి వచ్చిన కుటుంబాలు మీకు తెలిసి ఉంటే అడిగి చూడండి. ఉన్న ఒకటీ అరా పాతబడి పోకముందే స్కాన్ చేసి పెట్టండి. ఈ మధ్య కరవులకు గ్లెన్ క్యానియన్ జలాశయంలో నీటిమట్టం బాగా పడిపోయి మునిగిన లోయలు కొన్ని మళ్లీ బయటపడ్డాయి. అప్పుడు ఏది ఏదో పోల్చుకోవడానికి జనం వెతుక్కున్నది పాత ఫొటోలనే.

తర్వాతి ముప్పై ఏళ్లు

పోర్టర్ ఆగలేదు. గలాపగోస్ దీవులు, తూర్పు ఆఫ్రికా, ఐస్‌లాండ్, ఈజిప్ట్, గ్రీస్... డెబ్బై దాటాక అంటార్కిటికా, ఎనభై వయసులో చైనా. 1979లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఇంటిమేట్ ల్యాండ్‌స్కేప్స్ పేరుతో ఆయన ప్రదర్శన పెట్టింది. ఒకే ఫొటోగ్రాఫర్ రంగుల ఫొటోలకు ఆ మ్యూజియం ప్రదర్శన పెట్టడం అదే మొదటిసారి. ఆయనకప్పుడు 77 ఏళ్లు. పిట్టలను రంగుల్లో తీయడం మొదలుపెట్టి నలభై ఏళ్లు!

1990లో విజ్ఞాన రచయిత జేమ్స్ గ్లైక్‌తో కలిసి నేచర్స్ కేయాస్ పుస్తకం వచ్చింది. ప్రకృతిలో చిందరవందరగా కనిపించే వాటిలో ఉండే లెక్కల గురించి శాస్త్రవేత్తలు అప్పుడప్పుడే మాట్లాడుతున్నారు. కొమ్మల చిక్కును, ఆకుల పోగును పోర్టర్ అప్పటికే దశాబ్దాలుగా తీస్తూ ఉన్నారు. ఆ ఏడాదే నవంబరు 2న శాంటా ఫేలో కన్నుమూశారు. తన స్లైడ్‌లు, ప్రింట్లు, కాగితాలు అన్నీ టెక్సాస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లోని ఆమన్ కార్టర్ మ్యూజియానికి రాసిచ్చారు.

కోడాక్రోమ్ ఆయన కన్నా ఇరవై ఏళ్లు ఎక్కువ బతికింది. దాన్ని కడిగే చివరి ల్యాబు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉండేది. 2010 డిసెంబరు ఆఖరుతో అక్కడా ఆపేశారు. స్లైడ్ ఫిల్ము పూర్తిగా చావలేదు. కోడాక్ 2018లో ఎక్టాక్రోమ్‌ను మళ్లీ తెచ్చింది. మన దేశంలో దాన్ని కడిగే ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, ఖర్చూ ఎక్కువే. అందుకని నేర్చుకోవడానికి ఫిల్మే కావాలని పట్టుబట్టకండి.

మీకు నిజంగా ఈ దారి మీద మనసుంటే

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ చదవొచ్చు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీ అయ్యాక నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి చెందిన గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. సినిమా కెమెరా వైపు మొగ్గుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. ఇవేవీ కుదరకపోతే, ఉన్న ఉద్యోగమో చదువో వదలకుండా పోర్టర్ హార్వర్డ్‌లో ఉంటూ చేసినట్టు ఆదివారాలు చేయండి.

ఫోన్‌తోనే మొదలుపెట్టండి. మబ్బు పట్టిన పొద్దున లేదా చెట్టు నీడలో తీయండి. తెర మీద వేలు పెట్టి వెలుగును కాస్త తగ్గించండి, ఎర్ర ఆకు ఎర్రగానే ఉంటుంది. ఆటోమేటిక్ రంగుల మెరుగులు ఆపేయండి. వారానికి పన్నెండు ఫొటోలకు మించి తీయనని ఒట్టు పెట్టుకుని చూడండి, ఎక్కడ నిలబడాలో కాళ్లకే తెలుస్తుంది. ఆర్నెల్లకోసారి మీకన్నా బాగా తీసేవాళ్లకు చూపించండి, వాళ్లు పెదవి విరిస్తే మళ్లీ ఆర్నెల్లకు వెళ్లండి.

ఇంకొక్కటి. పోర్టర్ ఫొటోలకు కవిత్వం లాంటి పేర్లుండవు. ఏమిటి, ఎక్కడ, ఏ తేదీ, అంతే. పాండ్ బ్రూక్ మడుగు, న్యూ హాంప్‌షైర్, 1953 అక్టోబరు 4. మీరూ అలాగే రాసి పెట్టుకోండి. బాదం ఆకు, ఫలానా వీధి, వింజమూరు, తేదీ.